442908 నుంచి ఒక కథ

రాత్రి పదకొండు దాటింది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు షట్టరు సగం దించి ఉంది. లోపల ఒక ట్యూబ్‌లైటు, గరగరలాడే టేబుల్ ఫ్యాను, కార్బన్ కాగితాలు పెట్టిన బిల్టీ పుస్తకాలు, నా ఫోను. బయట రోడ్డు వారన లారీలు బారు తీరి ఉన్నాయి. గేటు దగ్గర మైకులో ఒక నంబరు పిలుస్తారు. పిలుపు అందినవాడు ఇంజను స్టార్టు చేసుకొని లోపలికి పోతాడు, ఖాళీ బండిని కాంటా ఎక్కించి తూకం వేయించుకుంటాడు, లోడింగ్ దగ్గర నిలబడతాడు. మిగిలినవాళ్ళు అటు తిరిగి పడుకుంటారు.

మహారాష్ట్రలోని మా గడ్‌చాందూర్ నేల కింద సున్నపురాయి ఉంది. అందుకే ఊరిని ఆనుకొని ఒక సిమెంటు ఫ్యాక్టరీ, అవార్‌పూర్‌లో ఇంకొకటి, ఉప్పర్‌వాహిలో మరొకటి. ఈ టేబుల్‌ని సాయంత్రమే తుడిచాను. ఇప్పుడు వేలితో గీస్తే గీత పడుతోంది.

నా పని బిల్టీలు రాయడం. లారీ నంబరు, డ్రైవరు పేరు, ఎన్ని టన్నులు, ఎన్ని బస్తాలు, ఏ ఊరికి. ఇరవై టన్నులంటే యాభై కిలోల బస్తాలు నాలుగు వందలు. ఈ పనంతా మరాఠీలో, హిందీలో నడుస్తుంది. బిల్టీకీ బిల్టీకీ మధ్య దొరికే సందులో ఫోన్‌లో తెలుగు కథ రాస్తాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. రాజురా, కొర్పనా, జివతీ వైపు మాలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. అక్షరాలు అమ్మ నేర్పింది. ఆదిలాబాద్‌లో చుట్టాలింటికి పోయినప్పుడల్లా పాత పత్రికలు సంచీలో వేసుకొచ్చేది. అ, ఆ లు వాటి అట్టల మీదే దిద్దాను.

ఈ రాత్రి కథ పంపాలి. హైదరాబాద్ నుంచి వచ్చే ఒక చిన్న సాహిత్య మాసపత్రికకి. వచ్చే సంచికకి రేపే ఆఖరు.

పత్రిక టేబుల్ మీద తెరిచి ఉంది. చివరి అట్ట లోపలి వైపు, చందా వివరాల కింద, సన్నటి అక్షరాల్లో నియమాలున్నాయి. కథ యూనికోడ్‌లో టైపు చేసి వర్డ్ ఫైలుగా మెయిల్ చేయాలి. పీడీఎఫ్ వద్దు. కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్ చేయవద్దు. పదిహేను వందల మాటలు మించకూడదు. హామీపత్రం తప్పనిసరి. రెండు నెలల్లో కబురు రాకపోతే ఎంపిక కానట్టే. దయచేసి ఫోన్లు చేయవద్దు.

చదివితే కసురుకున్నట్టే ఉంటుంది. కానీ చిన్న పత్రిక ఎలా నడుస్తుందో కొంచెం తెలిసినా ఆ నియమాల వెనక మనిషి కనిపిస్తాడు. కథలు చదివేదీ ఆయనే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే, ప్రెస్సు చుట్టూ తిరిగేదీ ఆయనే. చిరునామా చీటీలు ఇంటిల్లిపాదీ కూర్చొని అతికిస్తారు. రిజిస్టరైన పత్రికలకి తపాలా శాఖ రాయితీ ఇస్తుంది, అయితే ముందే చెప్పుకున్న తేదీల్లోనే కట్టలు పోస్టాఫీసుకి చేరాలి. ఆ తేదీ మీద పడి ఉరికే మనిషికి నా ఫోను ఎత్తే తీరిక ఎక్కడిది?

మాటల పరిమితి కూడా ఊరికే పెట్టింది కాదు. అచ్చు ఫారాల లెక్కన నడుస్తుంది. పెద్ద కాగితం మీద ఎనిమిదో పదహారో పేజీలు ఒక్కసారే అచ్చువేసి మడుస్తారు. నా కథ రెండు పేజీలు పెరిగితే ఎవరిదో కవిత ఆగిపోవాలి, లేదంటే ఫారమే పెరగాలి. ఫారం పెరిగితే కాగితం, అచ్చుకూలి, బరువు, ఆ బరువుకి తగ్గ స్టాంపులు, అన్నీ పెరుగుతాయి. కాగితం సంగతి మా వైపు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. వార్ధా నది దాటితే బల్లార్‌పూర్ పేపరు మిల్లు, ఇటు తెలంగాణలోకి దిగితే సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లు. సిర్పూర్ మిల్లు 2014లో ఆగిపోయి 2018లో గానీ మళ్ళీ తిరగలేదు. వెదురుబొంగుల లోడుతో పోయే లారీలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే.

ఫోన్ తెర అడుగున మాటల లెక్క కనిపిస్తోంది. హద్దు దాటి రెండు వందల పైన ఉంది. కోయాలి.

మొదటి పేరా తీశాను. అందులో మాణిక్‌గఢ్ కోట ఉంది, కొండలున్నాయి, అమల్‌నాలా డ్యాము నీళ్ళ మీద పొద్దుగూకడం ఉంది. రాసినప్పుడు ముచ్చటపడి రాసుకున్నదే. కానీ నా కథలో ఉన్నది ఒక లారీ డ్రైవరు. ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో ఇరుక్కుపోయి, పండక్కి ఇల్లు చేరలేకపోతున్నవాడు. వాడు కోటనీ చూడడు, డ్యామునీ చూడడు. వాడు చూసేది ముందున్న లారీ వెనక బంపరు. ఇప్పుడు కథ ఆ బంపరు మీది రాతతో మొదలవుతోంది. నూట ముప్పై మాటలు పోయాయి, కథ నాలుగడుగులు ముందుకి జరిగింది.

"తమ్మీ, చార్జరున్నదా? సీ పిన్నుది."

షట్టరు కింద నుంచి తల వంచుకొని ఒకాయన లోపలికొచ్చాడు. లుంగీ, బనీను, భుజం మీద తువ్వాల. జుట్టు మీద, కనుబొమల మీద సన్నటి బూడిదరంగు పొర. లైన్లో ఉన్న బండి డ్రైవరు.

"ఉన్నదన్నా. గా ప్లగ్గుకు పెట్టుకో. ఏ ఊరు మనది?"

"చెన్నూరు. లోడు మంచిర్యాలకు." ఫోను గుచ్చి, నా తెర వైపు వంగాడు. "తెలుగు రాస్తున్నవా? ఈడ? ఏంది, ఎవని మీదనన్న కంప్లైంటా?"

"కథ."

"కథనా! ఎవని కథ?"

"లారీ డ్రైవరుది."

స్టూలు లాక్కొని కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. ఇవ్వనని ఎట్లా అంటాను? ఇచ్చాను.

ఆయన చదువుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. బొటనవేలు తెర మీద మెల్లగా పైకి జరుగుతోంది, ఒక్కోసారి ఆగి వెనక్కి పోతోంది. నేను బిల్టీ పుస్తకంలో లేని లెక్కలు చూసుకుంటున్నాను. బయట మైకు ఒక నంబరు పిలిచింది. ఆయన తలెత్తి విన్నాడు, తనది కాదు, మళ్ళీ తెరలోకి పోయాడు. ఒక చోట ముక్కుతో నవ్వాడు. నవ్వు వస్తుందని నేను అనుకున్న చోటు కాదది.

"మంచిగనే ఉన్నది," అన్నాడు ఫోను తిరిగిస్తూ. "గని ఆఖరుకు ఏడ్చిండని రాసినవ్. ఏడ్వడు తమ్మీ."

"మరేం చేస్తడు?"

"అబద్ధమాడ్తడు." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ఇంటికి ఫోన్ చేస్తం గదా. నిన్నటి సంది ఇదే లైన్ల కూసున్న అని చెప్తమా? వాంకిడి దాటిన అంటం. ఆసిఫాబాద్‌ల చాయ తాగుతున్న అంటం. దగ్గరికొచ్చిండంటే వాళ్ళు తిని పంటరు. లేకుంటే మేలుకొనే ఉంటరు."

"వదినెకు తెల్వదా అబద్ధమని?"

ఆయన జవాబు చెప్పేలోపే మైకు మళ్ళీ మోగింది, ఎవరిదో నంబరు, గట్టిగా, రెండుసార్లు. ఇద్దరం గేటు వైపు చూశాం. వాంకిడి దాటినవాడి ఫోన్‌లోకి ఈ మైకు వినబడితే? నాకు చివరి దృశ్యం దొరికింది.

ఆయన చాయ తాగి వస్తానని లేచాడు. నేను ఏడుపు మొత్తం కొట్టేశాను. కన్నీళ్ళు పోయాయి, ఆకాశం పోయింది, "గుండె బరువెక్కింది" పోయింది. కొత్త ముగింపులో డ్రైవరు ఫోన్‌లో వాంకిడి దాటానంటాడు. వెనక మైకు అతని బండి నంబరే పిలుస్తుంది. అవతల భార్య ఒక్క క్షణం ఊరుకొని, "సరే, మెల్లగ రా" అంటుంది. అంతే. మాటల లెక్క హద్దు లోపలికి వచ్చేసింది.

పత్రికకి కథ పంపడమంటే నా మటుకు నాకు ఇదే. అమ్మకి వినిపిస్తే బాగుందంటుంది. దోస్తులకి పంపితే దండం బొమ్మ పెడతారు. వాళ్ళు కథతో పాటు నన్నూ చదువుతారు, అందుకని ఎక్కడ తప్పుతోందో వాళ్ళకి కనబడదు. సంపాదకుడికి నా మొహం తెలియదు, నేను పడే తిప్పలు తెలియవు, గడ్‌చాందూర్ ఏ మూల ఉందో కూడా తెలిసి ఉండకపోవచ్చు. అలాంటి మనిషి ముందుకి పోవాలని తెలిసినప్పుడే కథని బయటివాడిలా చూడటం మొదలుపెడతాం. చెన్నూరు డ్రైవరు ఈ రాత్రి చేసింది ఆ పనే, సంపాదకుడి కంటే ముందు. గడువనేది లేకపోతే ఈ కథ ఇంకో ఏడాదైనా ఫోన్‌లో ఏడుస్తూనే ఉండేది.

పన్నెండున్నర. కాంటా దగ్గర పనిచేసే మరాఠీ మిత్రుడు రెండు కటింగ్ చాయలతో వచ్చాడు.

"కాయ్ భావు, గోష్ట్ సంప్లీ కా?"

కథ అయిపోవచ్చిందన్నాను. అతనూ రాస్తాడు, మరాఠీలో. అతని కథలకి సీజను ఉంది. దీపావళి వస్తే మరాఠీ పత్రికలన్నీ లావుపాటి ప్రత్యేక సంచికలు వేస్తాయి. 1909లో కాశీనాథ్ రఘునాథ్ మిత్ర తన 'మనోరంజన్' పత్రికకి మొదలుపెట్టిన ఆనవాయితీ అది. లడ్డూలు, చక్లీలతో పాటు దీపావళి అంకం కూడా ఇంటికి తెచ్చుకునే పాఠకులు వాళ్ళకి ఇప్పటికీ ఉన్నారు. ఆ పెద్ద పత్రికల వాకిలి దగ్గర నిలబడటం ఇష్టంలేని కుర్రాళ్ళు 1954లో బొంబాయిలో 'శబ్ద' అని సైక్లోస్టైల్ పత్రిక తెచ్చారు. అరుణ్ కొలాట్కర్, దిలీప్ చిత్రే ఆ జట్టులోని వాళ్ళే. మరాఠీ లిటిల్ మ్యాగజైన్ల ఉద్యమం గురించి చెప్పేవాళ్ళు అక్కడి నుంచే మొదలుపెడతారు. 2012లో చంద్రపూర్‌లోనే 85వ అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనం జరిగింది, వసంత్ ఆబాజీ డహాకే అధ్యక్షత. సాహిత్యం మా మిత్రుడి జిల్లాకి పందిళ్ళు వేసుకొని వచ్చింది. నా సాహిత్యం పోస్టుమాన్ సంచీలో వస్తుంది.

"మీ వాళ్ళు పైసలిస్తారా?" హిందీలో అడిగాడు.

"కథ వేస్తే కాపీ పంపుతారు."

"మావాళ్ళలోనూ చిన్నవాళ్ళు అంతే," అని నవ్వి, గ్లాసులు తీసుకొని పోయాడు.

ఇంతదూరాన కూర్చొని తెలుగులో రాస్తే ఎవరికి పడుతుందిలే అని గుబులు పుట్టినప్పుడు నేను బండారు అచ్చమాంబ గారిని తలుచుకుంటాను. 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఇంజనీరు భర్త వెంట సెంట్రల్ ప్రావిన్సెస్‌కి వచ్చిన మనిషి ఆమె. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు నాగపూర్‌లో ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు. చుట్టూ మరాఠీ, హిందీ. ఆ భాషలూ నేర్చుకుంది, తెలుగులో రాసింది. 1902లో ఆమె 'ధనత్రయోదశి' కథ 'హిందూ సుందరి'లో వచ్చింది. ఆ పత్రికా అదే ఏడు మొదలైంది, అదీ ఆంధ్రదేశంలో. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది. అంటే తెలుగు కథ మొదలు ఎక్కడని వెతుక్కుంటూ పోయేవాళ్ళు 'దిద్దుబాటు' దగ్గర ఆగకుండా, నాగపూర్ వైపు కాపురమున్న ఒక ఇల్లాలి దాకా రావాల్సి ఉంటుంది. 1905లో ముప్పై ఏళ్ళకే ఆమె పోయింది. పత్రికల్లో వచ్చిన ఆ కొద్ది కథలూ ఉన్నాయి గనకే ఈ రోజు కథకురాలిగా ఆమె పేరు చెప్పుకోగలుగుతున్నాం.

అక్షరాల పని మిగిలింది. యూనికోడ్‌లో టైపు చేస్తే ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనబడుతుంది. కానీ ప్రెస్సుల్లో పేజీలు కట్టే డీటీపీ చాలాచోట్ల ఇంకా అను ఫాంట్ల మీదే నడుస్తోంది. ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరం తొడుగే, లోపల ఉండేది ఇంగ్లీషు కీబోర్డు గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు ముక్కలు, డాలర్ గుర్తులు. యూనికోడ్ నుంచి అందులోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి. మొదట దెబ్బతినేది మా ఊరి పేరే. "గడ్" తర్వాత కంటికి కనపడని ఒక విడదీత గుర్తు పెడితేనే "చా" విడిగా నిలబడుతుంది. అది రాలిపోయిందంటే చ ఒత్తుగా మారి డ కింద చేరుతుంది. అందుకని మెయిల్ అడుగున ఒక వాక్యం చేరుస్తున్నాను: ఊరిపేరులోని పొల్లు చూసుకోగలరు.

వెబ్ పత్రికలకి పంపితే ఈ బాధ లేదు. ఫారాల బాధా లేదు. అమెరికాలోని తెలుగువాళ్ళు 1998లో మొదలుపెట్టిన 'ఈమాట' ఇప్పటికీ వస్తోంది. అక్కడ కథని సమీక్షకులు చదివి, బాగోగులు రాసి పంపుతారు. పంపాలని నాకూ ఉంది, ఇంకో కథ. ఇది మాత్రం కాగితానికే. అమ్మకి ఫోన్‌లో అక్షరాలు ఆనవు. పత్రిక వస్తే మంచం మీద పరుచుకొని, కళ్ళజోడు పెట్టుకొని, అచ్చుతప్పులతో సహా చదువుతుంది.

ఒంటిగంటన్నర. హామీపత్రం.

దీనికి ఎవరూ నేర్పనక్కర్లేని నుడికారం ఉంది. ఈ కథ నా స్వంతం. దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు. ఇంతకుముందు ఏ పత్రికలోనూ, సోషల్ మీడియాలోనూ రాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. ఆఖరి వాక్యం దగ్గర కొత్తవాళ్ళకి చెయ్యి ఆగుతుంది. ఒకేసారి నలుగురికి పంపితే ఎవరో ఒకరు వేసుకుంటారు గదా అనిపిస్తుంది. ఇద్దరు వేసుకుంటేనే చిక్కు. ఆ రెండో పత్రికలో నా కథ కూర్చున్న పేజీలు ఇంకొకరివి. పేజీలు కట్టి, ప్రూఫులు దిద్ది, ఫారం ప్రెస్సుకెక్కాక ఇదే కథ పక్క పత్రికలో కనబడితే ఆయన ఏం చేయగలడు? చిన్న పత్రికలో ఆ దెబ్బ మొత్తం ఒక్క మనిషి మీదే పడుతుంది.

మొదటి వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. స్వంతమే, కానీ ఆ ముగింపు? అంతలో డ్రైవరు ఫోను చూసుకోడానికి వచ్చాడు.

"అన్నా, నువ్వు చెప్పిన వాంకిడి మాట కథల పెట్టిన. పెట్టుకోవచ్చునా?"

"పెట్టుకో."

"నీ పేరు కూడా ఎయ్యమంటవా, కింద?"

"అమ్మో, పేరెందుకు! ఇంట్ల తెలుస్తది."

సరే. స్వంతం.

సంపాదకులకి ఉత్తరం నాలుగు వరుసలకి మించలేదు. నమస్కారం. కథ పేరు, ఎన్ని మాటలు, జతచేసినవి ఏమిటి. కథలో ఏముందో, ఎందుకు రాశానో, ఎంత కష్టపడ్డానో చెప్పలేదు. అది కథ చెప్పుకోవాలి, ఉత్తరం కాదు. అమ్మ తెచ్చిన పాత పత్రికల్లో వేరే మర్యాదలుండేవి: కాగితానికి ఒకవైపే రాయండి, అంచు వదలండి, తిరుగు స్టాంపులు అతికించిన కవరు జతచేయండి. రచన వెనక్కి వచ్చిందంటే రచయిత తన చేతిరాతనే తన చిరునామా మీద చూసుకునేవాడు. ఇప్పుడు ఆ కవరూ లేదు, రిజిస్టర్డ్ పోస్టును కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. మెయిల్‌లో తిరస్కారం ఏ చప్పుడూ లేకుండా జరిగిపోతుంది.

ఇక చిరునామా. పేరు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, గడ్‌చాందూర్, తాలూకా కొర్పనా, జిల్లా చంద్రపూర్, 442908.

పిన్‌కోడ్ 1972లో వచ్చింది. మహారాష్ట్ర అంకెలు నాలుగుతో మొదలవుతాయి, తెలుగు రాష్ట్రాలవి ఐదుతో. కొర్పనా దాటి బేల మీదుగా ఆదిలాబాద్ పోయే బస్సెక్కితే ఒక్క పూటలో 504001లో దిగుతాను. నాలుగుతో మొదలయ్యే చిరునామా నుంచి తెలుగు కథ వస్తే సంపాదకుడు ఒకసారి ఆగి చూస్తాడేమో. ఆగాల్సిన పని లేదు నిజానికి. ఈ నేల 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా రాజురా తాలూకాలో ఉండేది. రాష్ట్రాలు పంచుకున్నప్పుడు బొంబాయి రాష్ట్రంలోకి, నాందేడ్ జిల్లాలోకి పోయింది. 1959లో చాందా జిల్లాలో, అంటే ఇప్పటి చంద్రపూర్ జిల్లాలో, కలిసింది. మా పెద్దలు ఇల్లు మారలేదు, జిల్లాలు మారారు.

అంతకు ముందు ఇది నిజాం రాజ్యం. ఆ రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, 'గోలకొండ పత్రిక' సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకు కూర్చోలేదు. కవులనే రమ్మన్నాడు. ఊళ్ళ నుంచి, గడీల పక్క వీధుల నుంచి, బడిపంతుళ్ళ దగ్గర నుంచి, వతన్‌దార్ల ఇళ్ళ నుంచి పద్యాలు వచ్చి పడ్డాయి. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది. ఎవరికి వాళ్ళు ఏదో ఒక ఊళ్ళో ఒంటరిగా రాసుకుంటున్నవాళ్ళే. తమలాంటి వాళ్ళు ఇంకో మూడు వందల యాభై మంది ఉన్నారని వాళ్ళకి తెలిసింది పంపిన తర్వాతే. చిన్న పత్రిక చేసే పనిలో పెద్ద పాలు ఇదే. అది కథలు వేయడమే కాదు, ఎవరెవరు ఎక్కడెక్కడ రాస్తున్నారో లెక్క తేలుస్తుంది. పంపనివాడు ఆ లెక్కలోకి రాడు.

ఆ లెక్క దాచేవాళ్ళూ ఉన్నారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో కథానిలయం మొదలుపెట్టారు. పత్రికల్లో వచ్చిన తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని ఆయన పూనిక. పెద్ద వారపత్రిక, చిన్న మాసపత్రిక అని తేడా లేదు. అచ్చయిన కథ అయితే చాలు. నా కథ అచ్చయితే కొన్ని వందల మంది చదువుతారేమో. ఆ నెల గడిచాక పత్రిక పాతదవుతుంది. కానీ ఒక కాపీ ఆ అలమరల దాకా చేరే దారి మాత్రం ఉంది, ఫోన్‌లో ఉండిపోయిన కథకి అదీ లేదు.

రెండుంబావు. ఫైలు జతచేశాను. తెరిచి చూశాను, ఖాళీ ఫైలు కాదు. పేరు, ఊరు, నంబరు ఉన్నాయి. హామీపత్రం మీద సంతకం చేసి ఫొటో తీసి పెట్టాను, దానికి మాత్రం వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. మొదటి వాక్యం ఇంకోసారి చదివాను. ముందున్న లారీ బంపరు. చివరి వాక్యం చదివాను. సరే, మెల్లగ రా. ఇంకో గంట ఇచ్చినా ఏదో ఒక మాట మార్చాలనే ఉంటుంది. నొక్కేశాను.

"పోయిందా?" అన్నాడు డ్రైవరు. ఆయన ఫోను నిండుగా చార్జయి చాలాసేపైంది, అయినా స్టూలు మీద నుంచి లేవలేదు.

"పోయింది."

"ఎప్పుడొస్తది?"

"ముందు వాళ్ళకు నచ్చాలె. రెండు నెలలు చూడుమన్నరు."

"మా లైనే నయం గదా!" అని పెద్దగా నవ్వాడు. టేబుల్ మీది పత్రిక తీసుకొని తిరగేశాడు. ఒక కవిత దగ్గర ఆగాడు, పెదవి విరిచి దాటిపోయాడు. బావిలో పడ్డ బర్రె గురించిన కథ దగ్గర ఆగి సగం చదివాడు. "ఇది మంచిగున్నది. కొనాల్నంటే యాడ దొరుకుతది?"

"దుకాణాల్ల దొరకది. చందా కట్టాలె. ఏడాది పొడుగూత పోస్టుల వస్తది."

"నీ కథ రాకుంటే?"

"వేరేటోళ్ళయి వస్తయి గదనే."

ఆలోచించాడు. చివరి అట్ట మీది క్యూఆర్ ముద్రకి ఫోను చూపించాడు. డబ్బు కట్టేశాడు. గేటు మైకులో నంబరు పిలిచారు. ఈసారి ఆయనదే. తువ్వాల దులిపి లేచాడు. రసీదుతో పాటు వివరాలు మెయిల్ చేస్తే సరిపోతుంది, నేను చేస్తానన్నాను. పేరు చెప్పాడు, రాసుకున్నాను.

"చెన్నూరు ఇంటి అడ్రసు చెప్పన్నా."

షట్టరు కింద నుంచి వంగి బయటికి పోతున్నవాడు ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఇంటిది వద్దు తమ్మీ, ఈ ఆఫీసుదే ఎయ్యి. ఇంటికొస్తే ముందుగాల ఆమెనే చదువుతది."